ఒక ప్యాకెట్, ఒక లీటర్: ఓఆర్‌ఎస్‌లో నీళ్ళు తగ్గితే మన కణాలకి ఏమవుతుంది?

వీడియో చూసే టైం లేనివాళ్ళ కోసం, ఇయర్‌ఫోన్స్ మర్చిపోయి మెట్రోలో కూర్చున్నవాళ్ళ కోసం ఎప్పటిలాగే మొత్తం ఎపిసోడ్ టెక్స్ట్ ఇది. మాట్లాడింది మాట్లాడినట్టే పెట్టాను, మధ్యలో నీళ్ళు తాగిన చోట్లు మాత్రం కట్ చేశాను.

ఈరోజు టాపిక్ గాఢత. అంటే ఎన్ని నీళ్ళలో ఎంత పదార్థం కరిగి ఉంది అనేది. వినగానే టెన్త్ క్లాస్ ఫిజికల్ సైన్స్ గుర్తొచ్చి స్క్రోల్ చేసేయకండి. నాకు ఈ టాపిక్ మీద ఇంట్రెస్ట్ పుట్టింది పుస్తకం వల్ల కాదు, నేను చేసిన ఒక తప్పు వల్ల.

ఖాజాగూడలో, గుట్టల వెనక సందులో ఒక పీజీలో ఉండేవాణ్ణి. అప్పటికింకా ఉద్యోగం మానలేదు. మే నెల. నా రూమ్‌మేట్ కరీంనగర్ అబ్బాయి. ఒక శనివారం రాత్రి బయట తిన్నది పడలేదు, తెల్లారేసరికి విరేచనాలు, వాంతులు. పదిసార్లు వెళ్ళొచ్చి మంచం మీద వాలిపోయాడు. నేను హీరోలా కిందికి దిగి, మెడికల్ షాపులో ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు తెచ్చి, ఒక ప్యాకెట్ మొత్తం ఒక స్టీల్ గ్లాసు నీళ్ళలో పోసి, చెంచాతో గిరగిరా తిప్పి ఇచ్చాను. వాడు ఒక గుటక తాగి, మొహం అదోలా పెట్టి, "ఉప్పు సముద్రం లెక్కుంది రా" అన్నాడు. నేను "మందు కదా, అలాగే ఉంటది, తాగు" అన్నాను. సగం తాగాడు. పావుగంటలో మళ్ళీ వాంతి. దాహం ఇంకా ఎక్కువైంది అన్నాడు.

వాళ్ళ అక్క అక్కడే ఒక ఆస్పత్రిలో నర్సు. వీడియో కాల్ చేశాం. ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న, "ఎన్ని నీళ్ళల్ల కలిపినవ్ తమ్మీ?"

"ఒక గ్లాస్ల అక్కా."

"గ్లాస్లనా? అది లీటర్ ప్యాకెట్! పారబొయ్యి దాన్ని. ఒక లీటర్ బాటిల్ తీస్కో, ఫుల్లు నీళ్ళు పొయ్యి, కొత్త ప్యాకెట్ కలుపు. చెంచాతోని కొంచెం కొంచెం తాగిపియ్యి."

సాయంత్రానికి వాడు లేచి కూర్చున్నాడు. నేను మాత్రం ఆ ప్యాకెట్ వెనక ఉన్న చిన్న అక్షరాలు చదవడం మొదలుపెట్టాను. బీటెక్ చదివి, రోజంతా కోడ్‌లో యూనిట్లు సరిచూసుకునే నేను, ఒక ప్యాకెట్ మీద రాసిన "1 లీటర్" చూడలేదు. పదార్థం కరెక్టే, నీళ్ళు తప్పు. ఎంత తప్పు అనేది ఇప్పుడు లెక్క వేద్దాం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా ప్రకారం లీటర్ ప్యాకెట్‌లో ఉండేవి నాలుగే. ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజ్ 13.5 గ్రాములు, పొటాషియం క్లోరైడ్ 1.5 గ్రాములు, ట్రైసోడియం సిట్రేట్ 2.9 గ్రాములు. మొత్తం 20.5 గ్రాములు. వీటిని లీటర్‌లో కరిగిస్తే, సోడియం 75, క్లోరైడ్ 65, గ్లూకోజ్ 75, పొటాషియం 20, సిట్రేట్ 10. ఇవి లీటర్‌కి మిల్లీమోల్స్. కూడితే 245. ఈ సంఖ్యని ఆస్మోలారిటీ అంటారు. సింపుల్‌గా చెప్పాలంటే, ఒక లీటర్‌లో ఎన్ని రేణువులు విడివిడిగా తిరుగుతున్నాయో దాని లెక్క. మన రక్తంలో ఇదే లెక్క దాదాపు 285 నుంచి 295 మధ్యలో ఉంటుంది. అంటే సరిగ్గా కలిపిన ఓఆర్‌ఎస్ రక్తం కన్నా కొంచెం పల్చన. కావాలనే అలా పెట్టారు.

ఇప్పుడు నా స్టీల్ గ్లాసు. సుమారు 200 మిల్లీలీటర్లు. లీటర్‌లో ఐదో వంతు. కాబట్టి గాఢత ఐదు రెట్లు. 245 ఇంటూ 5, 1225. సముద్రపు నీళ్ళలో ఇది ఇంచుమించు వెయ్యి. మా వాడు తిట్టింది తిట్టు కాదు, కొలత. వైజాగ్ బీచ్ నీళ్ళకన్నా గాఢమైనదాన్ని విరేచనాలతో ఉన్న మనిషికి తాగించాను.

ఇంతకీ గాఢంగా ఉంటే ఏమవుతుంది? తొమ్మిదో తరగతి బయాలజీలో కిస్‌మిస్ ప్రయోగం గుర్తుందా? మామూలు నీళ్ళలో వేస్తే ఉబ్బుతుంది. అదే ఉబ్బిన కిస్‌మిస్‌ని చిక్కటి పంచదార నీళ్ళలో వేస్తే మళ్ళీ ముడుచుకుంటుంది. పరీక్షలో ద్రవాభిసరణం అని నాలుగు లైన్లు రాసి మార్కులు తెచ్చుకున్నాం. లోపల జరిగేది ఏంటంటే, కణం చుట్టూ ఉన్న పొర నీళ్ళని సులువుగా పోనిస్తుంది, ఉప్పు లాంటివాటిని అంత సులువుగా పోనివ్వదు. రెండు వైపులా నీళ్ళ అణువులు అటూ ఇటూ తిరుగుతూనే ఉంటాయి. ఒక వైపు ఉప్పు, పంచదార రేణువులు ఎక్కువుంటే, అటు నుంచి బయటికి వచ్చే నీళ్ళు తగ్గుతాయి. అటు వెళ్ళేవి మాత్రం వెళ్తూనే ఉంటాయి. నికరంగా నీళ్ళు గాఢత ఎక్కువ ఉన్న వైపు చేరతాయి. ఎవరూ లాగట్లేదు, లెక్క అలా తేలుతుంది అంతే.

(ఇక్కడ వీడియోలో మూడు గ్లాసులు చూపించాను. మీరూ చేయొచ్చు, ఫోన్ టైమ్‌ల్యాప్స్‌లో బాగుంటుంది.) ఒక బంగాళాదుంపని ఫ్రెంచ్‌ఫ్రైస్ లాగా ఒకే సైజులో కోయండి. ఒక గ్లాసులో మామూలు నీళ్ళు, రెండోదాంట్లో లీటర్‌కి ఒక చెంచా లెక్కన ఉప్పు కలిపిన నీళ్ళు, మూడోదాంట్లో గ్లాసుకే నాలుగు చెంచాల ఉప్పు. రెండు మూడు గంటలు ఆగండి. మొదటిది టక్కున విరిగేంత గట్టిగా ఉంటుంది. మూడోది రబ్బరు బ్యాండ్‌లా వంగుతుంది. మధ్యది పెద్దగా మారదు. వాడిపోయిన కొత్తిమీర కాడల్ని నీళ్ళలో పెడితే మళ్ళీ నిలబడేది కూడా ఇందుకే.

మొక్కల కణాలకి బయట గోడ ఉంటుంది కాబట్టి ఎన్ని నీళ్ళు వచ్చినా ఉబ్బి ఆగిపోతాయి. మన కణాలకి ఆ గోడ లేదు. ఎర్ర రక్తకణాల్ని స్వచ్ఛమైన నీళ్ళలో వేస్తే నీళ్ళు లోపలికి తోసుకొచ్చి పగిలిపోతాయి. బాగా ఉప్పగా ఉన్నదాంట్లో వేస్తే ముడుచుకుని అంచులు ముళ్ళుముళ్ళుగా అయిపోతాయి. అందుకే ఆస్పత్రిలో ఎక్కించే సెలైన్ బాటిల్ మీద 0.9 శాతం అని ఉంటుంది. లీటర్‌కి 9 గ్రాముల ఉప్పు. సోడియం 154, క్లోరైడ్ 154, కలిపితే 308, రక్తానికి దగ్గర. సెలైన్ అంటే ఉప్పునీళ్ళే కదా అని తీసిపారేస్తాం గానీ, ఆ 9 గ్రాములు 9 గానే ఉండటంలోనే విషయం అంతా ఉంది.

జీనోమ్ వ్యాలీలో ల్యాబ్‌లో పనిచేసే నా ఫ్రెండ్ ఒకటి చెప్పాడు. వాళ్ళు కణాల్ని ప్లాస్టిక్ ప్లేట్లలో పెంచుతారు. ఆ కణాలు తేలే ద్రవాన్ని మీడియం అంటారు, దాని ఆస్మోలారిటీ కూడా 280 నుంచి 320 మధ్యలోనే ఉంచుతారు. ఇంక్యుబేటర్ 37 డిగ్రీల్లో ఉంటుంది కదా, నీళ్ళు మెల్లగా ఆవిరవుతాయి. ఉప్పు ఆవిరవదు. అంటే ఎవరూ ఏమీ కలపకుండానే గాఢత పెరిగిపోతుంది. ప్లేట్ అంచుల్లో ఉన్న గుంటలు ముందు ఎండుతాయి, అక్కడి కణాలు తేడాగా ప్రవర్తిస్తాయి. కొత్తగా చేరినవాళ్ళు అది మందు ప్రభావం అనుకుని సంబరపడతారట. దానికి విరుగుడుగా ఇంక్యుబేటర్ అడుగున ఒక ట్రేలో నీళ్ళు పెడతారు, లోపల గాలి తేమగా ఉండటానికి. మన కూలర్‌లో నీళ్ళు పోయడం మర్చిపోతే ఇంట్లో గొడవ, వాళ్ళు ట్రేలో నీళ్ళు పోయడం మర్చిపోతే వారం రోజుల ప్రయోగం గోవిందా.

సరే, కడుపులోకి వద్దాం. చిన్నపేగు లోపలి గోడ ఒక వరస కణాలు. ఒక పక్క మనం తాగింది, ఇంకో పక్క రక్తం. తాగింది 1225 ఉంటే, నీళ్ళు ఎటు వెళ్తాయి? రక్తం నుంచి పేగులోకి. అసలే నీళ్ళు పోతున్న మనిషి ఒంట్లోంచి ఇంకా నీళ్ళు బయటికి లాగేశాను అన్నమాట. దాంతో పాటు అంత ఉప్పు కూడా మెల్లగా రక్తంలోకి చేరుతుంది. పెద్దవాళ్ళు దాహం వేసి నీళ్ళు తాగి, మూత్రపిండాలు పనిచేసి ఎలాగోలా సర్దుకుంటారు. నెలల పిల్లలు "దాహం" అని చెప్పలేరు. రక్తంలో సోడియం బాగా పెరిగితే మెదడు కణాల్లోంచి నీళ్ళు బయటికి వస్తాయి, అవి కుంచించుకుపోతాయి, ఫిట్స్ దాకా పోవచ్చు. రివర్స్ కూడా ప్రమాదమే. విరేచనాల్లో ఉప్పు పోతున్నప్పుడు ఒట్టి నీళ్ళే పట్టిస్తే సోడియం పడిపోయి కణాలు ఉబ్బుతాయి. "కొంచెం ఎక్కువ నీళ్ళు పోస్తే ఏం పోతుంది" అనేది కూడా అందుకే కుదరదు.

ఇక్కడ మీకో డౌట్ రావాలి. కామెంట్స్‌లో ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి ముందే చెప్తున్నా. విరేచనాలప్పుడు పేగు నీళ్ళని పీల్చుకోలేకపోతే, ఓఆర్‌ఎస్ మాత్రం ఎలా లోపలికి వెళ్తుంది? గ్లూకోజ్ ఎందుకు?

బలం కోసం అని చాలామంది అనుకుంటారు. కాదు. పేగు కణాల మీద ఒక ప్రోటీన్ ఉంటుంది, ఎస్‌జీఎల్‌టీ1 అని పేరు. అది ఒక తలుపు. సోడియం, గ్లూకోజ్ రెండూ కలిసి వస్తేనే తెరుచుకుంటుంది. టూ-ఫ్యాక్టర్ ఆథెంటికేషన్ అనుకోండి, ఓటీపీ, పాస్‌వర్డ్ రెండూ కావాలి. సోడియం, గ్లూకోజ్ ఇలా జంటగా ప్రయాణిస్తాయని రాబర్ట్ క్రేన్ అనే శాస్త్రవేత్త 1960లో ప్రాగ్ నగరంలో ఒక సమావేశంలో చెప్పాడు. కలరా లాంటి జబ్బులో మిగతా దారులు దెబ్బతిన్నా ఈ తలుపు మాత్రం పనిచేస్తూనే ఉంటుంది. ఆ రెండూ లోపలికి వెళ్తే వాటి వెనకే నీళ్ళు వెళ్తాయి. అందుకే ప్యాకెట్‌లో సోడియం 75, గ్లూకోజ్ 75. అది యాదృచ్ఛికం కాదు.

ఈ విషయం పెద్ద ఎత్తున రుజువైంది మన దేశంలోనే. 1971, బంగ్లాదేశ్ యుద్ధం టైం. లక్షల మంది శరణార్థులు బెంగాల్ సరిహద్దు దాటి వచ్చారు. బొంగావ్ శిబిరంలో కలరా. ఎక్కించడానికి సెలైన్ బాటిళ్ళు అయిపోతున్నాయి. డాక్టర్ దిలీప్ మహలనోబిస్ అప్పుడు లీటర్‌కి 22 గ్రాముల గ్లూకోజ్, 3.5 గ్రాముల మామూలు ఉప్పు, 2.5 గ్రాముల వంటసోడా లెక్కన పొడులు ప్యాకెట్లు కట్టించి, డ్రమ్ముల్లో కలిపించి, జబ్బుపడ్డవాళ్ళ బంధువుల చేతే తాగించారు. దాదాపు 30 శాతం ఉన్న మరణాలు 4 శాతం లోపుకి దిగాయి. అప్పటిదాకా డాక్టరు, సూది, బాటిల్ లేకుండా ఇది కుదరదనే అనుకునేవాళ్ళు. ఆయన 2022 అక్టోబర్‌లో చనిపోయారు. ఆ వార్త మనలో ఎంతమంది ఫీడ్‌లోకి వచ్చిందో నాకైతే డౌటే.

ఆ తర్వాత జరిగిన ఒక మార్పు నాకు చాలా నచ్చింది, ఎందుకంటే అది కెమికల్ రియాక్షన్ కథ. మొదట్లో ప్యాకెట్లలో వంటసోడా ఉండేది కదా. వేడి, తేమ ఉన్న దేశాల్లో గోడౌన్‌లో పడి ఉన్న ప్యాకెట్లు గోధుమ రంగుకి తిరిగేవి. తేమ కొంచెం లోపలికి దూరితే చాలు. ఆ చెమ్మలో గ్లూకోజ్, సోడా రెండూ చాలా గాఢంగా కరుగుతాయి, పక్కపక్కనే ఉంటాయి, క్షారం వల్ల గ్లూకోజ్ పాడవుతుంది. అవే రెండూ లీటర్ నీళ్ళలో ఉంటే ఒకరోజులో అలా ఏమీ కనిపించదు. అందుకని 1984లో సోడా తీసేసి ట్రైసోడియం సిట్రేట్ పెట్టారు.

గాఢత పెరిగితే రియాక్షన్ స్పీడ్ ఎందుకు పెరుగుతుందో ల్యాబ్‌లో చూసే ఉంటారు. తెల్లకాగితం మీద ఇంటూ మార్కు గీసి, దాని మీద ఫ్లాస్క్ పెట్టి, సోడియం థయోసల్ఫేట్‌లో హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోస్తాం. గంధకం ఏర్పడి ద్రావణం పాలలా అయిపోయి ఇంటూ మార్కు కనపడకుండా పోతుంది. స్టాప్‌వాచ్ ఆపాలి. థయోసల్ఫేట్ గాఢత సగం చేస్తే పట్టే టైం దాదాపు రెట్టింపు. రేణువులు ఒకదానికొకటి గుద్దుకుంటేనే కదా రియాక్షన్. బయోడైవర్సిటీ జంక్షన్‌లో ఆదివారం పొద్దున ఎన్ని బండ్లు రాసుకుంటాయి, సోమవారం తొమ్మిదింటికి ఎన్ని రాసుకుంటాయి? అదే లెక్క. మా ల్యాబ్‌లో సగంమంది టైం చూడకుండా పక్క బ్యాచ్ రీడింగ్స్ కాపీ కొట్టారు, నేను కూడా. అందుకే ఇది చాలా ఆలస్యంగా అర్థమైంది.

ఇంకో మార్పు 2002లో. అప్పటిదాకా ఓఆర్‌ఎస్ 311 ఉండేది, ఉప్పు 3.5 గ్రాములు, గ్లూకోజ్ 20. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ దాన్ని 245కి తగ్గించాయి. తగ్గించాక పిల్లల్లో విరేచనాల పరిమాణం 20 శాతం దాకా, వాంతులు 30 శాతం దాకా తగ్గాయి, సెలైన్ ఎక్కించాల్సిన అవసరం మూడో వంతు తగ్గింది. 311కి, 245కి తేడా చూడండి. అంత చిన్న తేడాకే పిల్లల ఒంట్లో అంత మార్పు. ఇప్పుడు నా 1225 గుర్తు తెచ్చుకోండి.

ఇక మన హైదరాబాద్ కథ. మెడికల్ షాపుల్లో, సూపర్ మార్కెట్లలో టెట్రాప్యాక్‌లు ఉండేవి, పేరులో ఓఆర్‌ఎస్ అని ఉంటుంది, లోపల ఉండేది తియ్యటి డ్రింక్. హైదరాబాద్‌కే చెందిన పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు దీని మీద ఏళ్ళ తరబడి పోరాడారు. ఇవి తాగిన పిల్లలకి విరేచనాలు ఇంకా పెరుగుతున్నాయని వీడియోల్లో చెప్పారు, తెలంగాణ హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేశారు. చివరికి 2025 అక్టోబర్ 14న ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆదేశం ఇచ్చింది, ఆహార పానీయాల పేర్లలో ఓఆర్‌ఎస్ అనే మాట వాడకూడదు అని. ముందూ వెనకా ఇంకో పదం తగిలించినా కుదరదు. అంతకుముందు 2022లో, "ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన ఓఆర్‌ఎస్ కాదు" అని డబ్బా మీద రాస్తే చాలని ఒప్పుకున్నారు, ఆ వెసులుబాటు కూడా తీసేశారు. ఆ వార్త చెప్తూ ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకున్న వీడియో మీలో చాలామంది షేర్ చేసే ఉంటారు.

షేర్ చేసినవాళ్ళు ఈ లెక్క కూడా చూడండి. ఒక తియ్యటి డ్రింక్‌లో లీటర్‌కి 100 గ్రాముల పంచదార ఉందనుకుందాం. కూల్‌డ్రింకులు, ప్యాక్ చేసిన జ్యూసులు చాలావరకు ఆ దరిదాపుల్లోనే ఉంటాయి. పంచదార అణువు బరువు 342. అంటే 292 మిల్లీమోల్స్. ఒక్కటే చూస్తే రక్తానికి సమానమే కదా అనిపిస్తుంది. కానీ పేగులో ఎంజైమ్ ఆ అణువుని రెండు ముక్కలు చేస్తుంది, గ్లూకోజ్ ఒకటి, ఫ్రక్టోజ్ ఒకటి. రేణువులు రెట్టింపు, 585. ద్రవాభిసరణం బరువు చూడదు, తలకాయలు లెక్కపెడుతుంది. పైగా వాటిలో సోడియం చాలా తక్కువ, మన టూ-ఫ్యాక్టర్ తలుపు సరిగ్గా తెరుచుకోదు. లోపలికి వెళ్ళలేని చక్కెర పేగులోనే ఉండి నీళ్ళని అక్కడే పట్టుకుంటుంది.

తలకాయల లెక్క అన్నాను కదా, దీనికి ఉల్టా ఉదాహరణ మన గంజి. గంజిలో ఉండేది పిండిపదార్థం, అంటే వందల వేల గ్లూకోజ్‌లు గొలుసుగా కట్టిన ఒకే పెద్ద అణువు. గ్రాములు ఎక్కువున్నా తలకాయలు తక్కువ, ఆస్మోలారిటీ తక్కువ. పేగులో ఎంజైములు గొలుసుని మెల్లమెల్లగా తెంపుతుంటే గ్లూకోజ్ కొంచెం కొంచెంగా వస్తుంది, వచ్చినది వచ్చినట్టు లోపలికి పోతుంది. ఉప్పేసిన పల్చటి గంజి ఎందుకు పడుతుందో నాయనమ్మకి ఎస్‌జీఎల్‌టీ1 పేరు తెలియకపోయినా తెలుసు. బియ్యప్పిండితో చేసే ఓఆర్‌ఎస్ మీద కలరా రోగుల్లో పరిశోధనలు కూడా జరిగాయి, బాగా పనిచేసింది.

అన్నట్టు ఆవకాయ కూడా ఇదే సైన్స్. మూడో రోజు తిరగ కలిపేటప్పటికి ముక్కల్లోంచి ఊట వచ్చి ఉంటుంది కదా, ఆ నీళ్ళు ఉప్పు బయటికి లాగినవే. బూజు కణం వచ్చి వాలినా దాన్లో నీళ్ళూ అలాగే పోతాయి. ఉప్పు తగ్గించి "హెల్దీ ఆవకాయ" పెట్టిన మా పెద్దమ్మ జాడీ ఆగస్టుకే తెల్లటి బూజు పట్టింది. ఇంట్లో ఇప్పటికీ ఆ టాపిక్ ఎత్తడానికి ఎవరికీ ధైర్యం లేదు.

ఇక పనికొచ్చే మాటలు. షాపుల్లో రెండు సైజుల ప్యాకెట్లు దొరుకుతాయి. దాదాపు 21 గ్రాములది లీటర్‌కి, 4 గ్రాముల పైచిలుకుది 200 మిల్లీలీటర్లకి. రెండూ చూడ్డానికి ఒకే డిజైన్‌లో ఉంటాయి, నేను బోల్తా పడింది అక్కడే. లీటర్ ప్యాకెట్‌ని సగం సగం చేసి కలపొద్దు. పొడి అంతా ఒకేలా కలిసి ఉంటుందన్న గ్యారంటీ లేదు. మొత్తం లీటర్ కలిపి, 24 గంటల్లో తాగింది తాగి మిగిలింది పారబోయండి. కొలవడానికి ఏమీ లేకపోతే లీటర్ వాటర్ బాటిల్ ఉంది కదా. జ్యూస్‌లో, సోడాలో, పాలలో కలపొద్దు. రుచి కోసం పంచదార అసలే వద్దు, ఇందాకటి లెక్క మొత్తం పాడవుతుంది. ప్యాకెట్ దొరక్కపోతే లీటర్ కాచి చల్లార్చిన నీళ్ళలో తల కొట్టేసిన ఆరు చిన్న చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. తారుమారు చేయకండి, ఉప్పు అర చెంచానే.

రెండేళ్ళలోపు పిల్లలకి ప్రతి విరేచనం తర్వాత 50 నుంచి 100 మిల్లీలీటర్లు, చెంచాతో. వాంతి అయితే పది నిమిషాలు ఆగి మళ్ళీ మెల్లగా. తల్లిపాలు ఆపొద్దు. పాప మూత్రం పోయట్లేదన్నా, కళ్ళు లోపలికి పోయినా, మగతగా ఉన్నా, విరేచనంలో రక్తం కనిపించినా ఈ వీడియో పాజ్ చేసి ఆస్పత్రికి వెళ్ళండి. షుగరు, కిడ్నీ సమస్యలు ఉన్న పెద్దవాళ్ళైతే డాక్టర్ని అడిగి ఇవ్వండి.

మా రూమ్‌మేట్ ఇప్పుడు డల్లాస్‌లో ఉన్నాడు. ఈ ఎపిసోడ్ స్క్రిప్ట్ పంపిస్తే చదివి ఒకే మెసేజ్ పెట్టాడు, "ఆ స్టీల్ గ్లాస్ ఇంకా ఉందారా?" అని. ఉంది. ఇందాక బంగాళాదుంప ప్రయోగంలో మూడో గ్లాసు అదే.